సత్యజిత్ రే

సినిమా చూడనివారు మనలో అరుదు. కాని చూసిన సినిమా ఎందుకు బాగుందో, ఎందుకు బాగాలేదో కారణాలతో చెప్పగలిగేవారు కొద్దిమందే. ఆ విద్యను శ్రద్ధగా సాధించి, దాని బలంతోనే ప్రపంచం మెచ్చిన దర్శకుడైనవారు సత్యజిత్ రే.

ఆయన 1921 మే 2న కలకత్తాలో జన్మించారు. తండ్రి సుకుమార్ రే పిల్లల కోసం హాస్యగేయాలు రాసిన ప్రసిద్ధ కవి. సత్యజిత్‌కు మూడేళ్లు నిండకముందే ఆయన మరణించారు. తల్లి సుప్రభ కష్టాలకోర్చి కుమారుణ్ణి పెంచారు. సత్యజిత్ శాంతినికేతనంలో చిత్రలేఖనం అభ్యసించి, 1943లో ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా చేరారు.

ఆయన సినిమాలను కేవలం వినోదం కోసం చూసేవారు కాదు. చీకటి హాలులో కూర్చొని, దృశ్యాలను ఒకదాని తరువాత ఒకటి ఎలా కూర్చారో కాగితంపై గుర్తులు వేసుకొనేవారు. ఏదైనా కథ సినిమాగా రాబోతున్నదని తెలిస్తే, ముందుగా తానే దానికి స్క్రీన్‌ప్లే రాసుకొనేవారు. చిత్రం విడుదలయ్యాక రెండింటినీ పోల్చి చూసేవారు. దర్శకుడు ఎక్కడ తనకన్నా బాగా ఆలోచించాడో, ఎక్కడ తడబడ్డాడో అప్పుడు తేటతెల్లమయ్యేది.

1947లో మిత్రులతో కలిసి కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించారు. మరుసటి ఏడు స్టేట్స్‌మన్ పత్రికలో భారతీయ చిత్రాల లోపాలను నిర్భయంగా చర్చించారు. మన చిత్రాలు హాలీవుడ్ పైమెరుగులను అనుకరిస్తూ, కళ్లెదుట ఉన్న జీవితాన్ని విస్మరిస్తున్నాయని ఆయన బాధ.

తప్పులెన్నడం తేలిక, ఒప్పు చేసి చూపడం కష్టం. రే ఆ కష్టానికి సిద్ధపడ్డారు. 1950లో లండన్ వెళ్లినప్పుడు కొన్ని నెలల్లోనే సుమారు వంద చిత్రాలు చూశారు. నిజమైన వీధులలో, నటనానుభవం లేనివారితో తీసిన ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్' ఆయనకు దారి చూపింది. 1952లో 'పథేర్ పాంచాలి' చిత్రీకరణ ప్రారంభించారు. డబ్బు చాలక పని పలుమార్లు ఆగింది. భార్య నగలు తాకట్టుపెట్టవలసి వచ్చింది. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకొన్నది. 1955లో విడుదలైన ఆ చిత్రం మరుసటి ఏడు కాన్ చలనచిత్రోత్సవంలో బహుమతి పొందింది.

అందులో ఒక ఘట్టం ఉంది. కూతురు దుర్గ మరణించిన సంగతి తెలియక తండ్రి, ఆమె కోసం కొన్న చీర తీసుకొని ఊరినుండి వస్తాడు. తల్లి భోరుమంటుంది. కాని ఆమె ఏడుపు మనకు వినబడదు. దానికి బదులు ఒక వాద్యధ్వని గుండెను కోస్తుంది. మాటలు చెప్పలేనిదాన్ని దృశ్యమూ ధ్వనీ ఎలా చెబుతాయో ఇక్కడ గ్రహించవచ్చు.

దర్శకుడిగా కీర్తి పొందాక కూడా రే సమీక్షకుని కలం విడువలేదు. సినిమాలపై రాసిన వ్యాసాలను 1976లో గ్రంథంగా వెలువరించారు. 1992లో ఆస్కార్ పురస్కారం, భారతరత్న ఆయనను వరించాయి. అదే ఏడాది ఏప్రిల్ 23న కన్నుమూశారు.

నచ్చిందనో, నచ్చలేదనో అనడంతో సమీక్ష పూర్తికాదు. దర్శకుడు ఏమి చెప్పదలచాడు, ఎలా చెప్పాడు, ఇంకెలా చెప్పవచ్చు అని ఆలోచించినప్పుడే అది సమీక్ష అవుతుంది. రే జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.