రాంట్‌జన్ తుపాకీ ఫోటో

రాంట్‌జన్ అనగానే అందరికీ ఆయన భార్య చెయ్యి గుర్తొస్తుంది. వేళ్ల ఎముకలు, మధ్యలో నల్లగా ఉంగరం. ఇంటర్ పుస్తకాల నుంచీ చూస్తున్న ఫోటోనే. నాకు మాత్రం ఆ మరుసటి ఏడాది, 1896లో, ఆయన తీసిన ఇంకో ఫోటో ఎక్కువ ఇష్టం. అది తన వేట తుపాకీది. లోపలున్న తూటాలు కనిపిస్తాయి. వాటితో పాటు, పైనుంచి ఎంత చూసినా కంటికి ఆనని లోహపు లోపం కూడా కనిపిస్తుంది. చెయ్యి ఫోటోని డాక్టర్లు పట్టుకుపోయారు. మెకానికల్ వాళ్లం తుపాకీ ఫోటోని పట్టుకోవాలి. బాయిలర్లో, రియాక్టర్లో ఉన్న వెల్డుని కొయ్యకుండా దాని లోపలికి చూసే పనికి అదే నాంది.

అసలు ఆయనది మన బ్రాంచే. 1845లో జర్మనీలోని లెన్నెప్‌లో బట్టల వ్యాపారి ఇంట్లో పుట్టాడు. మూడేళ్లప్పుడు కుటుంబం నెదర్లాండ్స్‌కి మారింది. ఉట్రెక్ట్‌లో టెక్నికల్ స్కూల్లో ఉండగా ఎవరో ఒక మాస్టారిని వెక్కిరిస్తూ బొమ్మ గీశారు. గీసిందెవరో చెప్పనన్నందుకు రాంట్‌జన్‌ని బడి నుంచి పంపించేశారు. అలా యూనివర్సిటీకి కావలసిన సర్టిఫికెట్ చేతికి రాలేదు. అది లేకపోయినా తీసుకునే జూరిక్ పాలిటెక్నిక్‌లో 1865లో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. 1868లో డిప్లొమా, మరుసటి ఏడాది వాయువుల మీద డాక్టరేట్. ఆగస్ట్ కుంట్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాక దారి పూర్తిగా ఫిజిక్స్ వైపు తిరిగింది. తర్వాత ఊళ్లు మారుతూ ఉద్యోగాలు చేసి 1888లో వూర్జ్‌బర్గ్ చేరాడు.

1895 నవంబర్ 8 సాయంత్రం సంగతి మీకు తెలిసిందే. నల్ల అట్టతో మూసేసిన ట్యూబు నుంచి ఏదో వచ్చి, పక్కనున్న తెర మెరిసింది. నాకు నచ్చేది ఆ తర్వాతి ఏడు వారాలు. ఎవరికీ పెద్దగా చెప్పకుండా, తిండీ నిద్రా ల్యాబులోనే కానిచ్చి, కాగితం, చెక్క, అల్యూమినియం, సీసం ఒక్కోటి అడ్డుపెట్టి చూసుకున్నాడు. డిసెంబర్ 28న ఇచ్చిన మొదటి వ్యాసంలోనే, ఒక లోహపు ముక్క లోపల ఒకేలా లేదని నీడలో తెలిసిందని రాశాడు. పేటెంట్ తీసుకోలేదు. 1901లో ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ వస్తే ఆ డబ్బు వూర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. 1919లో భార్య పోయింది. యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ కరిగిపోతున్న రోజుల్లో, 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పోయాడు.

అప్పటికే అమెరికాలో వాటర్‌టౌన్ ఆర్సెనల్‌లో హోరేస్ లెస్టర్ పోతపోసిన ఉక్కుని ఎక్స్‌రేతో చూడడం మొదలుపెట్టాడు. 1931లో ఎక్స్‌రే చూసిన వెల్డెడ్ ప్రెజర్ వెస్సెల్స్‌ని అమెరికా బాయిలర్ కోడ్ ఒప్పుకుంది. తుపాకీకి లేని తలనొప్పి అక్కడే మొదలైంది. తుపాకీని ఫోటో తీశాక ఎవరూ ఫర్నేస్‌లో పెట్టరు. వెస్సెల్‌ని పెడతారు.

వెల్డు చల్లారేటప్పుడు లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి. కార్బన్ స్టీల్ అయితే సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేసి, ప్రతి 25 మి.మీ. మందానికి గంట లెక్కన ఉంచి, మెల్లగా చల్లారుస్తారు. మరి ఎక్స్‌రే ఫిల్ము దానికి ముందు తియ్యాలా, తర్వాతా? మన సిలబస్‌లో ఎన్‌డీటీ ఒక యూనిట్, హీట్ ట్రీట్‌మెంట్ ఇంకో యూనిట్. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. నేను ఇంటర్న్‌షిప్ చేసిన ఫ్యాబ్రికేషన్ షాపులో మాత్రం రోజూ ఇదే గొడవ.

ప్రొడక్షన్ వాళ్లు ముందే అంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ముందే స్లాగో, గాలి బుడగో దొరికితే గ్రైండ్ చేసి, మళ్లీ వెల్డు వేసి, ఒకేసారి ఫర్నేస్‌కి పంపొచ్చు. తర్వాత దొరికితే రిపేరు చేసి మళ్లీ వేడి చెయ్యాలి. డీజిల్ ఖర్చు అటుంచితే, వేడి చేసిన కొద్దీ ప్లేటు బలం, దెబ్బకి ఓర్చుకునే గుణం తగ్గిపోవచ్చు. స్లాగు, బుడగలు ఫర్నేస్‌లో కొత్తగా పుట్టవు కూడా.

పగుళ్ల సంగతి వేరు. తడి పీల్చిన ఎలక్ట్రోడ్ వాడితే హైడ్రోజన్ వెల్డులోకి దూరుతుంది. దానివల్ల వచ్చే పగులు వెల్డు చల్లారిన కొన్ని గంటలకి, ఒక్కోసారి రెండో రోజుకి గానీ బయటపడదు. సాయంత్రం తీసిన ఫిల్ము శుభ్రంగా ఉంటుంది, ఎల్లుండికి లోపల చీలిక ఉంటుంది. అందుకే అలాంటి ఉక్కుకి కనీసం 48 గంటలు ఆగమంటారు. ఇక రిఫైనరీ రియాక్టర్లకి వాడే క్రోమ్-మోలీ-వెనేడియం ఉక్కులో కొన్ని పగుళ్లు ఆ ఫర్నేస్ వేడికే పుడతాయి. ముందు తీసిన ఫిల్ములో అవి ఎలా ఉంటాయి, అప్పటికి అవి లేవే! పైగా సన్నటి పగులు కిరణం దిశకి అడ్డంగా ఉంటే ఎక్స్‌రేకి చిక్కదు. అల్ట్రాసోనిక్ కావాలి, పైపొరకి మాగ్నెటిక్ పార్టికల్ కావాలి.

నా లెక్క ప్రకారం ఇది ముందా వెనకా అన్న ప్రశ్నే కాదు. ఏం వెతుకుతున్నాం అన్నది ప్రశ్న. మామూలు కార్బన్ స్టీల్‌కి ఫిల్ము ముందు తీస్తే చాలాచోట్ల సరిపోతుంది. మందమైన అల్లాయ్ స్టీల్‌కి ముందొకసారి చూసి, ఫర్నేస్ నుంచి వచ్చాక పగుళ్ల కోసం మళ్లీ చూడాల్సిందే. హైడ్రో టెస్టు అన్నిటికన్నా చివర. ఆ రెండోసారి చూపుకి నాలుగు రోజులు పోతాయని దాటేస్తే, ఆ నాలుగు రోజుల భారం వెస్సెల్ పక్కన షిఫ్టు చేసే ఆపరేటర్ మీద పడుతుంది.

ఆ షాపుకి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఫిల్ముని లైటు బాక్సు మీద పెట్టేముందు మూలనున్న తేదీ చూసేవాడు. తర్వాత ఫర్నేస్ చార్ట్ తెప్పించి, దాని తేదీ పక్కన పెట్టుకునేవాడు. ఆ రెండూ చూశాకే కళ్లజోడు తుడుచుకుని వెల్డు వైపు చూసేవాడు.