మా బరంపురం బారిస్టరు వి.వి. గిరి గారు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన కుర్రాళ్ళు పట్టుబట్టారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. నాకు తెలిసింది మగ్గం, ఆ తర్వాత సొసైటీ లెక్కల పుస్తకం. అయినా మా ఊళ్ళో పుట్టి దేశానికి రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన మన కులం వారు కాదు, నేత నేసిన వారూ కాదు. కానీ కూలి కోసం చెయ్యి చాచే ప్రతివాడూ తెలుసుకోవలసిన మనిషి. రాష్ట్రపతి అని మన పిల్లలకు తెలుసు. పనివాళ్ళ తరఫున నిలబడిన బారిస్టరు అని చాలామందికి తెలీదు.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా రాష్ట్రం లేదు, గంజాం జిల్లా మద్రాసు కింద ఉండేది. 1936లో గీత మారింది, మనం ఒడిశా వాళ్ళమయ్యాం. ఇళ్ళలో తెలుగు మాత్రం అలాగే ఉంది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. గిరి గారు ఇక్కడే కల్లికోట కాలేజీలో చదివి, 1913లో లా చదవడానికి ఐర్లాండు దేశం డబ్లిన్ వెళ్ళారు.

ఆయన వెళ్ళిన ఏడే డబ్లిన్‌లో యజమానులు వేలమంది కూలీలను పనిలోంచి గెంటేసి తాళాలు వేశారు. యూనియన్‌లో ఉండడమే ఆ కూలీలు చేసిన తప్పు. నెలల తరబడి పిల్లలు పస్తులున్నారు. గిరి గారు ఇదంతా కళ్ళారా చూశారు. దక్షిణాఫ్రికాలో మన కూలీలను రంగు చూసి హీనంగా చూస్తున్నారని, తోటి భారతీయ విద్యార్థులతో కలిసి ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. దాంతో పోలీసుల కన్ను పడింది. 1916లో ఐర్లాండు వాళ్ళు ఇంగ్లీషు వాళ్ళ మీద తిరగబడ్డారు. వారితో పొత్తు ఉందన్న అనుమానంతో ఈయన్ని దేశం విడిచి పొమ్మన్నారు. అప్పటికి బారిస్టరు చదువు పూర్తయింది. పట్టాతో పాటు కూలీల కష్టం కూడా మనసులో పెట్టుకుని ఇంటికొచ్చారు.

ఇక్కడ ప్రాక్టీసు పెట్టారు. హాయిగా సంపాదించుకోవచ్చు. కానీ గాంధీ గారి సహాయ నిరాకరణ రాగానే కోర్టు మానేశారు. కల్లు, సారా దుకాణాల మీద ఉద్యమం చేసి 1922లో జైలుకెళ్ళారు. ఆ తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టారు. మన ఊరి మీదుగా పోయే హౌరా, వాల్తేరు లైను ఆ కంపెనీదే. 1928లో కంపెనీ వాళ్ళు కూలీలను పనిలోంచి తీసేస్తుంటే శాంతిగా సమ్మె నడిపించారు. ఒక్క రాయి విసరకుండా కంపెనీని దిగొచ్చేలా చేశారు.

1927లో జెనీవాలో ప్రపంచ కార్మిక సభకు, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1937లో బొబ్బిలి రాజా గారి మీద బొబ్బిలిలోనే పోటీ చేసి గెలిచారు. రాజుగారి ఊళ్ళో రాజుగారు ఓడిపోయారంటే పేదోడి ఓటు బలం అప్పుడు జనానికి తెలిసింది. మద్రాసులో కార్మిక మంత్రి అయ్యారు. 1942లో మళ్ళీ జైలు.

స్వతంత్రం వచ్చాక 1952లో కేంద్ర కార్మిక మంత్రి. అప్పుడు ఆయన గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. జీతం తగాదా వస్తే ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, కోర్టులు, ట్రిబ్యునళ్ళు ఆఖరి దారి కావాలి. బారిస్టరై ఉండి కోర్టుకు వెళ్ళొద్దన్నారు చూడండి! ప్రభుత్వంలోనే అందరూ ఒప్పుకోలేదు, కొన్ని కార్మిక సంఘాలూ ఒప్పుకోలేదు. బలంలేని వాడు బల్ల దగ్గర కూర్చుంటే ఏం దక్కుతుందని వాళ్ళ భయం.

ఆ భయం ఉత్తదేమీ కాదు. నా చిన్నతనంలో మా వీధి నేతగాళ్ళు పన్నెండు మంది మజూరి బాకీ మీద ఒక వ్యాపారి పైన దావా వేశారు. తొమ్మిదేళ్ళు నడిచింది. తీర్పు వచ్చేసరికి ముగ్గురు లేరు. వచ్చిన డబ్బు వకీలు ఫీజుకీ బస్సు చార్జీలకీ సరిపోయింది. తర్వాత సొసైటీ పెట్టుకున్నాక ఇంకోసారి తగాదా వచ్చింది. అప్పుడు నలభై మగ్గాల వాళ్ళం ఒక్క మాట మీద వెళ్ళి కూర్చున్నాం. మూడు వారాల్లో తెమిలింది. రెండుసార్లూ వ్యాపారులు ఒకలాంటి వాళ్ళే. మారింది మనం. ఒక్క పోగు చేత్తో తెంపొచ్చు, పడుగంతా కలిపి పట్టుకుంటే ఎవడి వల్లా కాదు. బల్ల దగ్గర కూర్చోవాలంటే ముందు సంఘం ఉండాలని గిరి గారు జీవితమంతా చెప్పింది ఇదే.

1954లో బ్యాంకు గుమాస్తాలకు ట్రిబ్యునల్ ఇచ్చిన జీతాల తీర్పును ప్రభుత్వం తగ్గించింది. గిరి గారికి అది మాట తప్పడంగా కనిపించింది. నెహ్రూ గారి మంత్రివర్గంలో పదవి వదిలేసి ఇంటికొచ్చేశారు. ఇప్పుడు పంచాయతీ పదవి వదలడానికి కూడా మనకి చెయ్యి రాదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. 1957లో పార్వతీపురంలో ఆయన ఓడిపోయారు. అక్కడ రెండు సీట్లు, ఒకటి గిరిజనులకు కేటాయించింది. జనం రెండు సీట్లకూ గిరిజనులనే గెలిపించారు. జనరల్ సీటు గిరిజనుడికి ఇవ్వడం చెల్లదని గిరి గారు దావా వేశారు. 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదన కొట్టేసింది. రిజర్వు సీటు ఉన్నంత మాత్రాన జనరల్ సీటు తలుపు గిరిజనులకు మూసినట్టు కాదని తేలింది. పెద్ద మనిషి ఓడిపోయాడు, చిన్నవాళ్ళ హక్కు నిలిచింది. ఎంత మంచివాడైనా తన సీటు దగ్గరికి వచ్చేసరికి తూకం కాస్త అటూ ఇటూ అవుతుంది. సొసైటీ పెద్దలం మనం కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా చేశారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి మన తెలుగువాడే అయిన నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక మీద కేసు పడితే, రాష్ట్రపతి హోదాలో ఉండి కూడా సుప్రీంకోర్టుకు సాక్ష్యం చెప్పారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

బరంపురంలో పుట్టి మద్రాసులో పోయారు, మధ్యలో బెంగుళూరులో గవర్నరుగా ఉన్నారు. మనలాగే ఊళ్ళు తిరిగిన తెలుగువాడు. పరాయి రాష్ట్రంలో ఉన్నాం, మన మాట ఎవరు వింటారని అనుకునే వాళ్ళకి ఆయన బతుకే జవాబు.

మన పిల్లలు ఇప్పుడు మగ్గం దిగి కంపెనీల్లో, షాపుల్లో పనికి పోతున్నారు. పోనివ్వండి. జీతం కాగితం చదువుకుని సంతకం పెట్టమనండి. పక్కవాడికి అన్యాయం జరిగితే తనకు కాదులే అని ఊరుకోవద్దనండి. ఒక ఇంట్లో ఒకరైనా లా చదివితే ఇంకా మంచిది. మన సమాఖ్యలో అలాంటి వకీళ్ళు పది మంది ఉంటే వచ్చే సంచికకు నాలాంటి వాడు రాయక్కర్లేదు, వాళ్ళే రాస్తారు.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
చేనేత సహకార సంఘం సెక్రటరీ, బరంపురం