విశ్వనటచక్రవర్తి శ్రీ సామర్ల వెంకట రంగారావుగారు



ఉద్యోగమే పురుషలక్షణమను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. చేతనున్న కొలువు విడిచి రంగస్థలము నాశ్రయించువానిని లోకము వెఱ్ఱివానిగా నెంచును. ఆ వెఱ్ఱినే వరించి తెలుగుజాతికి కీర్తి దెచ్చిన మహానటుని చరితమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

రంగారావుగారు 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన కృష్ణామండలమునందలి నూజివీడున జన్మించిరి. మదరాసున బాల్యవిద్య నభ్యసించి, కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములందు పేరు గడించిరి. పట్టభద్రులై అగ్నిమాపకశాఖలో అధికారిగా చేరియు, నటనాభిలాషచే నా కొలువును విడిచిరి. అయినను తొలి చిత్రమగు వరూధిని యాదరణము బడయలేదు. అవకాశములు మూసికొనిపోగా జంషెడ్‌పురమున టాటావారి సంస్థలో మరల కొలువు చేయవలసివచ్చెను. అన్యుడైనచో నంతటితో నటనకు స్వస్తి చెప్పియుండును. వారు పిలుపు రాగానే మదరాసునకు మరలివచ్చిరి.

1951లో పాతాళభైరవి వెలువడెను. నేపాళమాంత్రికుని పాత్రతో వారి పేరింటింట మ్రోగెను. అప్పటికి వారి వయస్సు 32 ఏండ్లే. నాయకపాత్రకై యాశపడక, లభించిన పాత్రకే ప్రాణము పోయుట వారి మార్గము. బంగారుపాపలో పసిపాప మమతకు కరగిన కఠినాత్ముడగు కోటయ్య, 1957లో మాయాబజారునందు ఘటోత్కచుడు, 1963లో నర్తనశాలయందు కీచకుడు ఇందుకు సాక్షులు. ఆ కీచకపాత్రకే 1964లో జకార్తానగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటులుగా గౌరవింపబడిరి. చదరంగము, బాంధవ్యాలు అను చిత్రములకు దర్శకత్వమును వహించిరి. 1974 జూలై 18వ తేదీన మదరాసున దివంగతులైరి. 2013లో భారత తపాలాశాఖ వారి స్మృత్యర్థము తపాలాబిళ్ల వెలువరించెను.

మేము మేడ్చలు ప్రాంతమున విరాటపర్వము బోధించు దినములలో కీచకుని పేరెత్తగనే బాలురు రంగారావుగారి నడకను నటించి చూపెడివారు. శామీర్‌పేటనుండి వచ్చు నొక బాలుడు ఆ నటనలో నందఱను మించెడివాడు. వేషములు కూడుపెట్టవని వానిని మందలించి, నాటకమునుండి తప్పించినది మేమే. వాడు తరువాత కొలువు సంపాదించెను గాని మరల వేషము కట్టలేదు. ఆ తప్పిదము నేటికిని మమ్ము బాధించుచున్నది.

రంగారావుగారు చదువును నిర్లక్ష్యము చేయలేదు, నటనను విడువనులేదు. కావున పోషకమహాశయులు విద్యార్థివేతనములతోబాటు కళాభ్యాసమునకును కొంత కేటాయింతురుగాక యని ప్రార్థించుచున్నాము.