ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్యగారు – చేతిపనితో కూడిన చదువు

ఈ సంచికలో మన ప్రాంతానికి చెందిన ఒక పెద్దమనిషి జీవితాన్ని గూర్చి వ్రాయదలచినాము. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు విననివారు మనలో ఉండరు. కృష్ణరాజసాగరం ఆనకట్ట అన్నా, హైదరాబాదు మూసీ వరదలు అన్నా ముందు ఆయన పేరే చెబుతారు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం జరుపుకొనేది ఆయన పుట్టినరోజునే. ఆనకట్టల సంగతి చాలామంది వ్రాసినదే గనుక మేము దానిని త్వరగా దాటిపోతాము. పల్లెటూరి బీదల పిల్లలకు చేతిపనితో కూడిన చదువు చెప్పించాలని ఆయన పడిన పాటు ఏమిటి, అది మనవంటివారి గడపదాకా ఎంతవరకు వచ్చింది అనేదే మేము ముఖ్యంగా చెప్పదలచిన విషయం.

చిక్కబళ్లాపురం, చింతామణి, మురుగమల్ల, బాగేపల్లి – ఈ ఊళ్లు కర్ణాటకలో ఉన్నా ఇండ్లలోను సంతల్లోను వినబడేది ఎక్కువగా తెలుగే. మురుగమల్ల దర్గాకు వచ్చేవారైనా, అక్కడి ముక్తీశ్వరుని గుడికి వచ్చేవారైనా బేరం చేసేది తెలుగులోనే. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయ్యేవరకు ఇదంతా కోలారు జిల్లా. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఈ కొండల్లోనే పుట్టినా, ఏడాది పొడవునా నీళ్లు నిలిచే నది ఒక్కటీ లేదు. చెరువు నిండితే వరి, నిండకపోతే రాగులు, వేరుశనగ. వానలు తప్పిన యేడు కూలికి బెంగుళూరు దారి పట్టవలసిందే. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి ఈ నేలలోనిదే, నందికొండ దాపున ఉన్నది.

ఆయన ఇంటిపేరును బట్టి వారి మూలం తెలుస్తుంది. పూర్వీకులు గిద్దలూరు, కంభం వైపున్న మోక్షగుండం నుంచి వలస వచ్చినవారు. ఇంటి భాష తెలుగు. కంభం మన బాప్టిస్టు మిషను స్టేషన్లలో ఒకటి గనుక ఆ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలకు ఆ ఊళ్ల పేర్లు కొత్త కావు. వారి కుటుంబం మనకంటె కొన్ని తరాల ముందు అదే దారిన వచ్చింది. అయితే వారు పండితుల కులంలో వచ్చారు, మనవారిలో అనేకులు రెక్కల కష్టం నమ్ముకొని వచ్చారు. ఈ తేడాను మరచిపోకుండా మిగతా కథ చదవవలెనని మనవి.

1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంట్లో పుస్తకాలు ఉన్నవి గాని డబ్బు లేదు. చిక్కబళ్లాపురంలో చిన్న చదువులు చదివారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోగా, మేనమామగారి అండతో బెంగుళూరు చేరి సెంట్రల్ కాలేజీలో చదివారు. తన ఖర్చులకోసం ఒక ఇంట్లో పిల్లలకు ట్యూషను చెప్పేవారు. ఆనకట్టలు కట్టకముందే ఆయన పంతులుగారని ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మావంటివారికి ఒక చిన్న సంతోషం. 1881లో బి.ఏ. అయిన తరువాత మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇచ్చి పూనా ఇంజనీరింగు కాలేజీకి పంపింది. అక్కడ 1883లో మొదటివాడుగా ప్యాసయ్యారు. ఆ స్కాలర్‌షిప్పే లేకపోతే ఆయన ఏ తాలూకా కచేరీలోనో గుమాస్తాగా మిగిలిపోయేవారని మా ఉద్దేశం.

1884 నుంచి ఇరువది యేండ్లకు పైగా బొంబాయి ప్రభుత్వంలో పనిచేశారు. వరద నీటికి తమంతట తామే తెరుచుకొనే తలుపులను ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చింది ఆ కాలంలోనే. 1898లో ఆయన సెలవు పెట్టి జపాను దేశం వెళ్లారు. ఆనకట్టలకంటె మా దృష్టిలో ఇదే పెద్ద మలుపు. మన దేశమువలెనే సన్నకారు రైతులతోను, చిన్న కమతాలతోను ఉన్న ఆ దేశం ముప్పయి యేండ్లలో ఎట్లా లేచి నిలిచిందో ఆయన కన్నులారా చూశారు. పిల్లలందరినీ బడికి పంపడం, ఆ బడి తరువాత నేత, వడ్రంగం, లోహపు పని, వ్యవసాయం నేర్పే బడులు పెట్టడం అక్కడి రహస్యమని గ్రహించారు. అది మొదలు చనిపోయేవరకు ఆయన మాటలో జపాను రాని సందర్భం తక్కువ.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచింది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం పిలుపు మీద ఆయన అక్కడికి వెళ్లి, పైన జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సలహా ఫలితమే. 1909లోనే మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. 1912లో దివాను అయ్యారు.

దివానుగిరీ ఆరేండ్లు. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టం చేయించి, ఎన్నుకొన్న చోట్ల అమలు మొదలుపెట్టారు. ఆ కాలంలో సంస్థానమంతటా సుమారు 6,500 కొత్త పాఠశాలలు లేచినవని లెక్క. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ వచ్చినవి. వీటిని అందరూ చెబుతారు. మేము చెప్పదలచినవి ఇంతకంటె చిన్నవి. 1913లో బెంగుళూరు శివార్లలోని హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల తెరిచారు. పిల్లలు అక్కడే బస చేసి, ప్రక్కనే ఉన్న ప్రయోగ క్షేత్రంలో పని నేర్చుకొనేవారు. అదే యేట మైసూరులో చామరాజేంద్ర సాంకేతిక సంస్థ ఏర్పడింది. పట్టుపురుగుల పెంపకం బాగుచేయడానికి ఇటలీ నుంచి నిపుణుణ్ణి పిలిపించి చన్నపట్నంలో క్షేత్రం పెట్టించారు.

పట్టు సంగతి మన ప్రాంతంవారికి వివరించనక్కరలేదు. అయినా పట్టణాలలో పుట్టిన మన యౌవనస్థులకోసం నాలుగు మాటలు. పురుగు గ్రుడ్డు దశలోనే రోగం అంటుకొని ఉంటే, రైతు నెలరోజులు మల్బరీ ఆకు కోసి, వేళకు మేత వేసి, రాత్రిళ్లు మేల్కొన్నా చివరకు చంద్రికల మీద గూడు కట్టకుండానే పురుగు చస్తుంది. ఆ రోగం కంటికి కనబడదు. గ్రుడ్లు పెట్టిన తల్లి చిలుకను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, మంచి గ్రుడ్లను మాత్రమే రైతుకు ఇవ్వాలి. గదిలో వేడి, తేమ ఎంత ఉండాలో తెలిసి ఉండాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, తాతగారి అలవాటును బట్టి మాత్రమే వచ్చేది కూడా కాదు. ఒకరు దగ్గర నిలబడి చేయించి నేర్పాలి. చదువు అంటే ఇటువంటిది కూడా అని ప్రభుత్వంచేత ఒప్పించి, దానికి డబ్బు కేటాయింపజేసినది ఆయన గొప్పతనం. మేము ట్రైనింగు చదివిన రోజుల్లో అట్టపని, తోటపని పాఠ్యాంశాలుగా ఉండేవి. పరీక్ష అయిన మరునాడు ఆ తోటకు నీళ్లు పోసేవారు ఉండరు. విశ్వేశ్వరయ్యగారు చేతిపనిని మార్కులకోసం పెట్టలేదు, దానితో కుటుంబం బ్రతకాలనే పెట్టారు.

ఇక గడప సంగతికి వద్దాము. ఆ కాలంలో పంచములనబడిన మనవారి పిల్లలు ఎన్నో ఊళ్లలో బడి అరుగు మీదికి కూడా రాలేకపోయేవారు. 1915లో ఆయన దివానుగా ఉండగానే ప్రభుత్వ పాఠశాలల్లో కులం చూడకుండా పిల్లలను చేర్చుకొనవలెనని మైసూరు ప్రభుత్వం నిర్ణయించింది. పైకులాలవారు అలజడి చేసినా ప్రభుత్వం వెనుకకు తగ్గలేదు. మైసూరు సంస్థానంలో ఆ రోజుల్లో విద్యారంగంలో ఉన్న మన తెలుగువాడు కట్టమంచి రామలింగారెడ్డిగారు కూడా ఈ పక్షమే. దీనికి మనము కృతజ్ఞులమై ఉండాలి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 1918లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరుగారు వెనుకబడిన కులాలకు ప్రభుత్వోద్యోగాలలో వాటా ఎట్లా కల్పించాలో విచారించడానికి సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీని వేశారు. విశ్వేశ్వరయ్యగారికి ఇది నచ్చలేదు. ఉద్యోగానికి ప్రతిభే కొలత కావాలని, అందరికీ చదువు చెబితే కాలక్రమాన తేడాలు పోతాయని ఆయన అభిప్రాయం. ఆ సంవత్సరాంతానికి పదవి వదిలిపెట్టారు. ఆయనమీద ఎంత గౌరవమున్నా ఈ విషయంలో మేము ఆయనతో ఏకీభవించలేము. తండ్రి సంస్కృతం చదివిన ఇంట్లో పుట్టిన బీదపిల్లవాడూ, తండ్రి చెప్పులు కుట్టిన ఇంట్లో పుట్టిన బీదపిల్లవాడూ ఒకే గీతమీద నిలబడి పరుగెత్తడం లేదు. స్కాలర్‌షిప్పు అందుకోవడానికి కూడా ఎవరో ఒకరు దారి చూపాలి. ఆయనకు మేనమామగారు ఉన్నారు. మహారాజుగారి కమిటీ ఆ మేనమామ లేనివారికోసం వేసినదని మా అభిప్రాయం. మన సంఘాల్లో రిజర్వేషన్ల వాదన వచ్చినప్పుడల్లా ఆయన పేరు చెప్పి నోరు మూయించేవారు ఉన్నారు గనుక ఇంత విపులంగా వ్రాశాము.

తరువాత 1923 నుంచి 1929 వరకు భద్రావతి ఇనుప కర్మాగారానికి అధ్యక్షులుగా ఉండి, నష్టాల్లో ఉన్నదానిని నిలబెట్టారు. ఆ పనికి తనకు రావలసిన లక్షకు పైబడిన సొమ్మును ఆయన ఇంటికి తీసికొనిపోలేదు. పేద యువకులకు వృత్తులు నేర్పే సంస్థను బెంగుళూరులో పెట్టమన్నారు. దానికి ఆయన పేరే పెడతామంటే ఒప్పుకొనక రాజుగారి పేరు పెట్టించారు. శ్రీ జయచామరాజేంద్ర వృత్తి విద్యా సంస్థగా మొదలై, తరువాత ఎస్.జె. పాలిటెక్నిక్‌గా పేరుపొందినది అదే. మన సంఘపు పిల్లలు పాలిటెక్నిక్ డిప్లొమా అంటే చిన్నచూపు చూచి, ఏదో ఒక డిగ్రీ కాగితం చాలునని పరుగెత్తుతున్నారు. ఆ కాగితంతో మూడు నాలుగేండ్లు ఖాళీగా ఉన్నవారిని మేము ఎరుగుదుము.

ఇక చివరి ప్రయత్నం. దీనినే తక్కువమంది ఎరుగుదురు. తొంబదియేండ్లకు దగ్గరపడిన వయస్సులో, 1950 ప్రాంతంలో, ఆయన గ్రామ పారిశ్రామికీకరణ పథకం ఒకటి తయారుచేశారు. మైసూరు ప్రభుత్వం దానిని ప్రయోగంగా మొదట రెండు జిల్లాలలో చేపట్టింది – బెంగుళూరు, కోలారు. అంటే ఆయన పుట్టిన నేలే, మన చింతామణి, బాగేపల్లి తాలూకాలు ఉన్న జిల్లాయే. కొన్ని ఊళ్లను కలిపి ఒక గుంపు చేయాలి. ఆ గుంపుకు ఊరివారిలోనుంచే ఒక కమిటీ ఉండాలి. ఊళ్లో ఏమి పండుతున్నది, ఎవరికి ఏ పని వచ్చు, ఎంత ఆదాయం ఉన్నది అని లెక్క తీయాలి. ప్రతి కుటుంబం సేద్యంతోపాటు మరొక చేతిపని పట్టుకొని, కొద్ది సంవత్సరాల్లో రాబడి రెట్టింపు చేసికోవాలి. ప్రభుత్వం కొంత సొమ్ము, సలహా ఇస్తుంది గాని పని ఊరివారిదే.

గాంధీగారికీ ఆయనకూ యంత్రాల విషయంలో భేదం ఉండేది. ఒకరు రాట్నం అంటే మరొకరు మిషను అన్నారు. కాని ముసలితనంలో విశ్వేశ్వరయ్యగారు వచ్చి నిలిచిన చోటు పల్లెటూరే. మా అంచనాలో ఆ పథకంలోని బలం ఊరి కమిటీ, బలహీనత కూడా అదే. ఊరి కమిటీ అంటే ఆ రోజుల్లో భూమి ఉన్నవారి అరుగు. వాడలోనివారికి అక్కడ కుర్చీ లేదు. 1952లో దేశమంతటా సమాజ వికాస పథకం మొదలయ్యాక అధికారుల దృష్టి అటు మళ్లింది. ఆయన మాత్రం విడువక, లెక్కలు అడుగుతూ, ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నారు.

1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన తరువాత, బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగినవి, సమాధి అక్కడే ఉన్నది. ఆయన ఇంటిని కూడా చూపిస్తారు. బెంగుళూరు నుంచి వెళ్లదలచినవారు బళ్లారి రోడ్డున హెబ్బాళ దాటి, దేవనహళ్లి మీదుగా చిక్కబళ్లాపురం వైపు పోవాలి. 1913లో పిల్లలకు వ్యవసాయం నేర్పిన చోటు, తరువాత వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పుట్టిల్లయిన ఆ హెబ్బాళ క్షేత్రం, ఆ దారిలోనే కనబడుతుంది.