దామెర్ల రామారావు: రూపాన్ని పట్టిన చూపు

ఎదుట ఎవరో తన రూపును పట్టుకొనబోతున్నారని తెలియగానే మనిషి బిగుసుకొనిపోతాడు. మెడ నిక్కుతుంది, చూపు కొయ్యబారుతుంది, పెదవిపై లేని నవ్వు వచ్చి కూర్చుంటుంది. ఛాయాచిత్రం తీసేవానికైనా, కుంచె పట్టేవానికైనా మొదటి చిక్కు ఇదే. ఆ చిక్కును గోదావరి గట్టున పుట్టిన ఒక యువకుడు చక్కగా విప్పినాడు. ఆయనే దామెర్ల రామారావు.

1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించిన రామారావుకు బాల్యంనుండి బొమ్మలమీదనే మనసు. ఆ పట్టణపు ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. ఆయన ఆ బాలుని నేర్పును గుర్తించి చేరదీసినాడు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్సులో ప్రవేశించి, 1920లో చదువు ముగించినాడు.

ఎదుట నిలిపిన మనిషిని చూచి గీయడం అక్కడ శ్రద్ధగా నేర్చినవాడే. అయినా ఆయన పటాలలోని మనుష్యులు చూపరులకోసం నిలిచినట్లు తోచరు. పుష్పాలంకారంలోని స్త్రీలకు తమ సింగారమే లోకం. ఈ సహజత్వం ఊరక అబ్బినది కాదు. ఆయన విడిచిపోయిన వందలాది పెన్సిలు రేఖాచిత్రాలే ఆ సాధనకు సాక్ష్యం. కదిలే మనిషిని గీయాలంటే ఆ కదలిక మారేలోగా గీత ముగియాలి. చేతికంటె ముందు కన్ను సిద్ధం కావాలి.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగ బంధనం బహుమతి నందుకొన్నది. మరుసటి సంవత్సరమే ఆయన స్వస్థలంలో చిత్రకళాశాలను నెలకొల్పినాడు. తన చూపును పదిమందికి పంచవలెనన్నదే ఆయన తపన. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకర్త్రులైనారు. ఇంతలో మశూచికం విరుచుకొనిపడినది. 1925 ఫిబ్రవరి 6న, 28 ఏండ్లైనా నిండకముందే, ఆ కుంచె ఆగిపోయినది. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టినాడు. రామారావు పేర వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరానికి అలంకారమైనది.

నేడు కెమెరా లేని చెయ్యి అరుదు. నవ్వుమని ఆజ్ఞాపించడం సులభం. ఎదుటివాడు పనిలో పడి తన్ను తాను మరచేదాక ఓపిక పట్టడం కష్టం. ఆ ఓపికలో అతనిపట్ల గౌరవం కూడ ఉన్నది. విద్యార్థులు ఆ చిత్రశాలలో ఒక గడియ నిలిచి చూస్తే, యంత్రం నేర్పలేని ఆ పాఠం వారికి దక్కుతుంది.