దూదిలో నిప్పు: ఆల్ఫ్రెడ్ నోబెల్

గుంటూరు, ప్రకాశం మైదానాలలోని నల్లరేగడి నేలలు పత్తికి, మిరపకు పేరుపొందినవి. శీతకాలం ముగిసే నాటికి అక్కడ ఒక చేనులో పత్తి చివరి తీతలు సాగుతుంటాయి. పక్కనే కల్లాలలో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటాయి. చేలలో తీసిన పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరి దూదిగా, గింజగా విడిపోతుంది. అయితే గింజను అంటిపెట్టుకొని కొంత పొట్టి నూగు మిగులుతుంది. నూలు వడకడానికి పనికిరాని ఆ నూగు దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. దానిని నత్రికామ్ల, గంధకామ్లాల చర్యకు గురిచేస్తే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం ఏర్పడుతుంది. చూపునకు అది దూదివలెనే ఉంటుంది; నిప్పు సోకితే మాత్రం రెప్పపాటులో మండిపోతుంది. ఆధునిక తుపాకిమందుకు అదే మూలద్రవ్యం.

దూదిలో దాగిన ఈ నిప్పును అదుపులోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు ఆల్ఫ్రెడ్ నోబెల్. ఆయన పేరిట ఇచ్చే బహుమతులను ఎరుగనివారు లేరు. డైనమైట్‌ను కనిపెట్టినవాడని కూడా చాలామందికి తెలుసు. కాని తుపాకిమందు స్వరూపాన్నే మార్చివేసినవారిలో ఆయన ఒకడనీ, ఆ మార్పు తుపాకి గొట్టాలకు ఒక కొత్త గండాన్ని తెచ్చిపెట్టిందనీ తెలిసినవారు తక్కువ.

నోబెల్ 1833 అక్టోబరు 21న స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జన్మించాడు. తండ్రి ఇమ్మాన్యుయేల్ నోబెల్ నిర్మాణరంగ నిపుణుడు, కొత్త యంత్రాలను రూపొందించడంలో ఆసక్తి గలవాడు. వ్యాపారంలో దెబ్బతిన్న ఆయన రష్యాకు వెళ్లి, అక్కడి సైన్యానికి మందుపాతరలు తయారుచేసి నిలదొక్కుకొన్నాడు. 1842లో కుటుంబమంతా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. ఆల్ఫ్రెడ్ బాల్యంలో అస్వస్థుడు. బడికి వెళ్లిన కాలం స్వల్పం. ఇంటివద్దనే గురువులవల్ల రసాయనశాస్త్రాన్ని, సాహిత్యాన్ని అభ్యసించి, స్వీడిష్, రష్యన్, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ భాషలలో ప్రావీణ్యం సంపాదించాడు.

ఆ కాలపు తుపాకులలో వాడినది నల్లమందు. సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిపి దానిని తయారుచేసేవారు. శతాబ్దాలపాటు యుద్ధాలన్నీ దానితోనే సాగాయి. కాని అందులో సగానికి మించిన భాగం వాయువుగా మారక, పొగగానూ మసిగానూ మిగిలిపోయేది. పొగ సైనికుని కళ్లను కప్పివేయడమే కాక అతడున్న చోటును శత్రువుకు పట్టి ఇచ్చేది. మసి గొట్టంలో పేరుకొని గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టించేది. అందువల్ల కాల్చిన ప్రతిసారీ గొట్టాన్ని వేడినీటితో కడిగి, తుడిచి, నూనె రాయవలసి వచ్చేది. నల్లమందు గొట్టానికి చేసే హాని ఇదే. శ్రద్ధగా శుభ్రం చేసుకొనేవారికి అది పెద్ద హాని కాదు.

1846లో షోన్‌బైన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు దూదినుండి గన్‌కాటన్ అనే నైట్రోసెల్యులోజ్‌ను తయారుచేశాడు. ఆ మరుసటి ఏడే ఇటలీలో సొబ్రేరో నైట్రోగ్లిజరిన్‌ను కనుగొన్నాడు. రెండూ మహాశక్తి గలవే. రెండూ అదుపు తప్పేవే. నోబెల్ దృష్టి మొదట నైట్రోగ్లిజరిన్ మీద నిలిచింది. దానిని కోరినప్పుడు మాత్రమే పేలేటట్లు చేయడానికి 1863లో ఒక ప్రేలకాన్ని రూపొందించాడు. కాని 1864 సెప్టెంబరు 3న స్టాక్‌హోంలోని వారి కర్మాగారంలో ఘోర విస్ఫోటనం జరిగింది. తమ్ముడు ఎమిల్, మరికొందరు ఆ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. నోబెల్ దుఃఖాన్ని దిగమింగి పరిశోధన కొనసాగించాడు. ఆ ద్రవాన్ని ఒక విధమైన మెత్తని మట్టికి పట్టించి, 1867లో డైనమైట్‌కు పేటెంటు పొందాడు.

డైనమైట్ కొండలను పిండిచేయగలదు. తుపాకిలో మాత్రం వాడరాదు. బండను బద్దలుకొట్టే మందు ఒక్కసారిగా పేలాలి. తుపాకిమందు అట్లా పేలితే గొట్టమే పగిలిపోతుంది. అది క్రమంగా మండి, వాయువుల ఒత్తిడితో తూటాను ముందుకు తోయాలి. ఆనాడు ఐరోపా శాస్త్రజ్ఞులను వేధించిన సమస్య ఇదే. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ నైట్రోసెల్యులోజ్‌ను ద్రావకాలతో ముద్దచేసి, రేకులుగా ఒత్తి, దాదాపు పొగలేని మందును సాధించాడు. పారిస్‌లో నివసిస్తున్న నోబెల్ మరొక మార్గం పట్టాడు. నైట్రోసెల్యులోజ్‌ను, నైట్రోగ్లిజరిన్‌ను ఇంచుమించు సమపాళ్లలో కలిపి, కొంత కర్పూరం చేర్చి, 1887లో బాలిస్టైట్ అనే మందును తయారుచేశాడు. రెండు ప్రచండ పదార్థాలు ఒకదానినొకటి అదుపు చేసుకొని నింపాదిగా మండడం ఆ ఆవిష్కరణలోని విశేషం.

ఆ విజయం ఆయనకు మనశ్శాంతినివ్వలేదు. స్వంత మందు ఉన్న ఫ్రెంచి ప్రభుత్వం బాలిస్టైట్‌ను స్వీకరించలేదు. ఇటలీ స్వీకరించింది. దానితో ఫ్రెంచి పత్రికలు నోబెల్‌పై గూఢచర్య నిందను మోపాయి. ఆయన ప్రయోగశాల మూతపడింది. పద్దెనిమిదేళ్లు నివసించిన పారిస్‌ను విడిచి, 1891లో ఆయన ఇటలీలోని సాన్‌రెమో పట్టణానికి తరలిపోయాడు.

ఇంగ్లండులో మరొక ఆశాభంగం ఎదురయింది. అక్కడి ప్రభుత్వ సంఘంలో సభ్యులైన ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవార్‌లకు నోబెల్ తన పరిశోధన వివరాలు తెలియజేశాడు. వారు 1889లో కార్డైట్ అనే మందుకు పేటెంటు తీసుకొన్నారు. అందులో 58 శాతం నైట్రోగ్లిజరిన్, 37 శాతం గన్‌కాటన్, 5 శాతం వాసలీన్ ఉండేవి. నోబెల్ సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. నోబెల్ పేటెంటు ద్రావకాలలో కరిగే రకం నైట్రోసెల్యులోజ్‌కే వర్తిస్తుందనీ, కార్డైట్‌లో వాడినది కరగని రకమనీ తీర్పు వెలువడింది. 1895లో అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ కూడా దానినే ఖాయం చేసింది. ఒక్క విశేషణం నోబెల్‌ను ఓడించింది.

న్యాయస్థానంలో గెలిచిన కార్డైట్‌కు తుపాకి గొట్టంలో అసలు పరీక్ష ఎదురయింది. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. తూటా వాటిని ఒరుసుకొంటూ బొంగరంలా తిరుగుతూ వెలువడుతుంది; ఆ తిరుగుడే దానికి గురి. మందు ఎంత వేడిగా మండితే గొట్టపు లోపలి పొర అంతగా మెత్తబడుతుంది. కాల్చిన ప్రతిసారీ వేడెక్కి చల్లారడంవల్ల సన్నని పగుళ్లు పుడతాయి. వేగంగా దూసుకుపోయే వాయువులు ఆ పగుళ్ల అంచులను కోసివేస్తాయి. అరుగుదల మొదట మందు మండే గదికి ఆనుకొని ఉన్న భాగంలో, గొట్టపు గొంతులో ప్రారంభమవుతుంది. అక్కడ గాడులు చెరిగితే తూటాకు పట్టు దొరకదు, గురి తప్పుతుంది. మందులో నైట్రోగ్లిజరిన్ పాలు పెరిగినకొద్దీ శక్తితోపాటు ఈ వేడీ పెరుగుతుంది. ఈ విషయంలో బాలిస్టైట్ కూడా నిర్దోషి కాదు. నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ప్రధానంగా ఉన్న మందు వీటికంటె చల్లగా మండి, గొట్టాన్ని ఎక్కువకాలం నిలుపుతుంది.

బ్రిటిష్ సైన్యం 1888లో స్వీకరించిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ ఇందుకు నిదర్శనం. నల్లమందు మసి సులభంగా తుడుచుకుపోవడానికి అనువుగా దాని గాడులను లోతు లేకుండా, అంచులు గుండ్రంగా ఉండేటట్లు మలిచారు. కార్డైట్ వాడకంలోకి రాగానే ఆ లోతులేని గాడులు త్వరగా అరిగిపోసాగాయి. 1895లో వాటి స్థానంలో లోతైన ఎన్‌ఫీల్డ్ గాడులను ప్రవేశపెట్టారు. మసికి విరుగుడైన గాడి వేడికి తాళలేకపోయింది; మందు మారితే గొట్టమూ మారక తప్పలేదు.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో గొట్టాల అరుగుదల మరింత స్పష్టమయింది. చివరకు 1901లో కార్డైట్ పాళ్లనే మార్చారు. నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి తగ్గించి, గన్‌కాటన్‌ను 65 శాతానికి పెంచారు. నిప్పు తగ్గి దూది పెరిగింది. గొట్టాల ఆయుష్షు పెరిగింది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలోనే కార్డైట్ తయారీకి నీలగిరులలోని అరువంకాడులో కర్మాగారం వెలిసింది. అది నెలకొన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే నాడు గుంటూరు పత్తి చేలు కూడా ఉండేవి.

ఈ మార్పును చూడడానికి నోబెల్ జీవించి లేడు. చరమదశలో ఆయన స్వీడన్‌లోని బోఫోర్స్ కర్మాగారాన్ని కొని, ఫిరంగుల తయారీకి పూనుకొన్నాడు. మందును సృష్టించినవాడే గొట్టానికీ యజమాని అయ్యాడు. పెళ్లి లేదు, సంతానం లేదు; హృద్రోగం బాధించింది. 1895 నవంబరు 27న తన వీలునామా మీద సంతకం చేశాడు. సంపదలో అధికభాగాన్ని మూలధనంగా ఉంచి, దానిపై వచ్చే ఆదాయాన్ని మానవాళికి అత్యధిక మేలు చేసినవారికి ఏటా బహూకరించాలని నిర్దేశించాడు. 1896 డిసెంబరు 10న సాన్‌రెమోలో కన్నుమూశాడు. బంధువులలో కొందరు వీలునామాను వ్యతిరేకించినా చివరకు ఆయన కోరికే నెగ్గింది. భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాలలోనూ, సాహిత్యంలోనూ, శాంతిరంగంలోనూ తొలి బహుమతులు 1901లో ప్రదానం చేయబడ్డాయి. కార్డైట్‌లోని నిప్పును తగ్గించిన సంవత్సరమూ అదే.

కూరకు కారం రుచినిస్తుంది. పాలు మించితే నాలుకను మండిస్తుంది. మిరప పండించే సీమలో ఈ సత్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. తుపాకిమందు విషయంలోనూ అంతే. శక్తి ఎంత గొప్పదైనా దానిని భరించే పాత్ర ఓర్పును మించితే, ముందుగా నశించేది ఆ పాత్రే. తమ్ముణ్ణి బలిగొన్న నిప్పును అదుపు చేయడానికి నోబెల్ జీవితమంతా శ్రమించాడు. సంపాదించిన సంపదకు తగిన పాత్రను వెదకి, దానిని మానవాళికి అప్పగించి వెళ్లాడు. ఆయన మందు అరగదీసిన గొట్టాలు ఏనాడో మూలపడ్డాయి. ఆయన పేరిట వెలసిన బహుమతి మాత్రం శతాబ్దం దాటినా వన్నె తరగక నిలిచి ఉంది.