ఎడిసను మహాశయుడును, ఇంటి ఫ్యూజు తీగయు

మన విద్యార్థులలో పెక్కండ్రు ఆదవానియందలి పత్తి వ్యాపారముతోడనో, ఎమ్మిగనూరి మగ్గములతోడనో సంబంధము గల కుటుంబములవారు. జిన్నింగు మిల్లులో నెగురు దూదినూగు ఒక్క నిప్పురవ్వకు ఎట్లు అంటుకొనునో వారికి మేము వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి యూళ్లలో నేడు ఇంటింట విద్యుద్దీపము వెలుగుచున్నది. వీథి స్తంభమునుండి ఇంటికి వచ్చు తీగ మొదట కటౌటనబడు చిన్న పింగాణి దిమ్మెలోనికి పోయి, పిమ్మట మీటరును, మెయిన్ స్విచ్చిని చేరును. ఆ పింగాణిలో నుండు సన్నని తీగయే ఫ్యూజు. ఇల్లు కాలకుండ తాను కాలిపోవుట దాని యుద్యోగము. దీపముతోపాటు దీనిని గూడ గృహములలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడగు థామస్ ఆల్వా ఎడిసను చరిత్రమును ఈ సంచికలో వ్రాయదలచితిమి. ఆయన దీపము నెరుగనివారు లేరు. ఆయన ఫ్యూజు నెరిగినవారు కొలదిమందియే.

ఎడిసను 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహాయో రాష్ట్రమందలి మిలాను అను ఊర జన్మించెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సుదేశమునందు బ్రెగే యను శాస్త్రజ్ఞుడు టెలిగ్రాఫు కార్యాలయములను పిడుగుపాటునుండి కాపాడుటకై లావు తీగ నడుమ సన్నని తీగ నుంచవలెనని సూచించెను. కావున కరగి కాపాడు తీగ యను తలంపు ఎడిసనుతో పుట్టినది కాదని ముందే చెప్పుచున్నాము. దానిని సంసారుల యింటికి తగినట్లు తీర్చుటయే ఆయన చేసిన పని.

బాల్యమున ఆయన బడికి పోయినది కొన్ని మాసములు మాత్రమే. బాలుని బుద్ధి మందగించినదని ఉపాధ్యాయుడు తలంపగా, తల్లి కోపగించి కుమారుని ఇంటికి గొనిపోయి తానే చదువు చెప్పెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ భాగమును చదివినప్పుడెల్ల తల వంగుచుండును. పండ్రెండవయేట అతడు రైలుబండిలో వార్తాపత్రికలను, మిఠాయిలను అమ్మ నారంభించెను. సామానుల పెట్టెలో ఒక మూలను చిన్న రసాయనశాల నేర్పరచుకొనెను. ఒకనాడు బండి కుదుపునకు భాస్వరపు కడ్డీ క్రిందపడి పెట్టె యంటుకొనెను. బండి గార్డు మంటల నార్పి, బాలుని, అతని సీసాలను స్టేషనులో దింపివేసెను. ముందు ముందు వేలకొలది యిండ్లకు తీగలు వేయింపనున్నవాడు అగ్నిభయ మన నేమో ఆ వయస్సుననే యెరిగెను.

1862లో మౌంట్ క్లెమెన్సు స్టేషనునందు కదలివచ్చు పెట్టె కడ్డముగా నున్న స్టేషను మాస్టరు పసిబిడ్డను అతడు ఒక్క దుముకున లాగి రక్షించెను. కృతజ్ఞుడగు ఆ తండ్రి అతనికి టెలిగ్రాఫు విద్య నేర్పెను. అప్పటికే చెవులు సరిగా వినబడని యా బాలుడు ఆ విద్యతో ఊరూర తిరిగి జీవించెను. 1876లో న్యూజెర్సీ రాష్ట్రమందలి మెన్లో పార్కునందు ప్రయోగశాలను కట్టించెను. మరుసటి యేట ఫోనోగ్రాఫు పుట్టెను. ఆ కథ మన పిల్లలకు పాఠ్యపుస్తకములనుండి తెలిసినదే.

1879 అక్టోబరు మాసమున దీపము సిద్ధించెను. మన యూరివారికి ప్రియమగు సంగతి యొకటి యిందు గలదు. గాలి తీసిన గాజుబుడ్డిలో పదమూడు గంటలకు పైగా వెలిగిన యా తొలి తంతువు కాల్చి బొగ్గు చేసిన పత్తిదారమే. తరువాత వెదురు నారను, ఇంకను తరువాత ఇతరులు లోహపు తీగను వాడిరి. అయినను మొదట వెలుగునకు వచ్చినది పత్తి.

దీపము దొరకినంతనే పని ముగియలేదు. గ్యాసు దీపములకు అలవాటుపడిన పట్టణవాసి క్రొత్తదీపమును చూచి మెచ్చుకొనునే గాని, కంటికి కానరాని నిప్పును గోడలలో ప్రవహింపనిచ్చుటకు వెరచుచుండెను. ఆ వెరపు నిష్కారణమైనది కాదు. తీగలో ప్రవాహము రెట్టింపైనచో వేడిమి నాలుగు రెట్లగును. రెండు తీగలు పొరపాటున తాకినచో ప్రవాహము రెట్టింపుతో నాగక అనేక రెట్లగును. క్షణములో తీగ యెర్రబారును. దీనికి ప్రతిక్రియగా ఎడిసను పొందిన పేటెంటు 1880వ సంవత్సరము మే 4వ తేదీది. అందలి యుపాయ మిట్టిది. తీగల మార్గములో బుద్ధిపూర్వకముగ ఒక బలహీనమైన తునక నుంచవలెను. ప్రవాహము మితిమీరినప్పుడు మిగిలిన తీగ వేడెక్కకమునుపే ఆ తునక కరగి మార్గము తెగిపోవును. ఆ తునకకు విద్యుత్తును ప్రసరింపనీయని తొడుగు వేయుమనియు ఆయన చెప్పెను. ఏలన, కరగిన లోహపు బొట్టు తివాచీమీదనో సామానుమీదనో పడి, ఒక నిప్పు నార్పబోయి మరియొక నిప్పు పుట్టరాదు గదా! తివాచీ యనుచోట దూదిబేలు అని చదువుకొన్నచో, మన ఫ్యూజులకు పింగాణి యేల యుండవలెనో ఆదవాని బాలునికి వెంటనే బోధపడును.

ఇంత ముందుచూపు గలిగియు ఆయన భంగపడిన దినము లేకపోలేదు. న్యూయార్కులో వాండర్‌బిల్టు అను కోటీశ్వరుని భవనమునకు దీపములు పెట్టించి పరీక్షించుచుండగా గోడనుండి పొగ లేచెను. గోడకంటించిన పట్టుకాగితములో సన్నని లోహపు పోగులుండెను. దీపపు తీగలు వానికి తగిలి పోగులు ఎర్రబారెను. ఎడిసను కారణమును గ్రహించి వెంటనే యంత్రము నాపించుటచే మంట లేవలేదు. కాని యింటి యిల్లాలు గడగడ వణకి, నేలమాళిగలో ఆవిరి బాయిలరు గూడ కలదని విని, అట్టి యింట నుండనని పట్టుపట్టెను. ఏర్పాటంతయు ఊడదీయక తప్పలేదు. యంత్రము వేరొకచోటను, వెలుగు మాత్రమే యింటను ఉండుట ఎంత యవసరమో ఇందువలన తెల్లమగుచున్నది.

అట్టి విద్యుత్కేంద్రమును ఆయన న్యూయార్కులోని పెర్ల్ వీథియందు నిర్మించి, 1882 సెప్టెంబరు 4వ తేదీ మధ్యాహ్నము 3 గంటలకు ప్రారంభించెను. ఆనాడు వెలిగినవి సుమారు 400 దీపములు. తీగలను స్తంభములమీద గాక భూమిలో పాతించెను. లావు తీగనుండి సన్నతీగ చీలుచోట ఫ్యూజు నుంచవలె ననునది అందలి ముఖ్యసూత్రము.

ఈ సూత్రమును మన యింటికి అన్వయించి చూతము. ఫ్యూజు తనకు ముందున్న తీగను కాపాడలేదు. తనకు తరువాతనున్న దానినే కాపాడును. మన మీటరుకడ నున్న ఫ్యూజు ఇంటిలోని తీగలకు కావలి. స్తంభమునుండి మన గోడవరకు వచ్చు సర్వీసు తీగకు కావలి ట్రాన్స్‌ఫార్మరుకడ నున్న ఫ్యూజు. అది పెక్కుఇండ్ల భారమును మోయునది గనుక లావుగ నుండును. ఒక సర్వీసు తీగ రేకుల చూరునకు ఒరసి, తోలు పోయి, మిణుగురుల వలె రవ్వలు రాల్చుచుండగా మేమొకతూరి చూచితిమి. ఆ యింటివారు మెయిన్ స్విచ్చి కట్టివేసి నిశ్చింతగ కూర్చుండిరి! రవ్వలు ఆగలేదు; ఆగుటకు వీలులేదు. లైన్‌మన్ వచ్చి స్తంభముకడ తీగ విప్పినగాని అవి చల్లారలేదు. ఇట్టి తీగను కర్రతోనైనను ముట్టక, దూరముగ నిలిచి, విద్యుచ్ఛాఖవారికి కబురంపవలెను.

మరియొక సంగతి. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి, రాగిపోగులు రెండు మూడు మెలివేసి కట్టుట మన ప్రాంతమున సాధారణము. తగరపు పూతగల రాగితీగ 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటరు, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటరు లావు చాలును. ఇంతకు మించినది కట్టినచో అది కరగదు. దానికి బదులు గోడలోని తీగ కరగును. న్యూట్రల్ తీగలో ఫ్యూజు పెట్టుటయు తప్పే. అది తెగినచో దీపము ఆరును గాని తీగలో ప్రాణములు తీయు శక్తి నిలిచియే యుండును. నేడు పెక్కిండ్లలో ఫ్యూజునకు మారుగ తానే పడిపోవు ఎం.సి.బి. స్విచ్చులు వచ్చినవి. అవియు తమ తరువాతి తీగకే కావలి గాని తమ ముందరి తీగకు గావు.

ఎడిసను తరువాతి జీవితము దీర్ఘమైనది, అంతయు ప్రశంసనీయమైనది కాదు. నేడు మన యిండ్లకు వచ్చు ప్రత్యావర్తక విద్యుత్తు అపాయకరమైనదని ఆయన పట్టుదలతో వాదించి, ఓడిపోయెను. దూరప్రాంతములకు విద్యుత్తు పంపుటలో ఆ పద్ధతియే మేలని లోకము నిర్ణయించెను. పెర్ల్ వీథి కేంద్రము 1890 జనవరిలో కాలిపోయెను. 1914 డిసెంబరులో వెస్ట్ ఆరెంజిలోని ఆయన కార్ఖానాలో పెక్కు కట్టడములు దగ్ధమాయెను. అప్పటికి ఆయనకు అరువదియేడేండ్లు. మరల కట్టించి పని సాగించెను. స్వదేశమున ఆయన పొందిన పేటెంట్లు 1093.

1931 అక్టోబరు 18వ తేదీని ఆయన కాలధర్మము నొందెను. మృతునికి గౌరవసూచకముగ దేశమంతట ఒక్క నిమిషము విద్యుత్తు నాపింపవలెనని కొందరు తలచిరి. కాని ఆసుపత్రులు, కార్ఖానాలు, రైళ్లు, నీటి యంత్రములు అన్నియు దానిపైననే ఆధారపడియుండుటచే ఒక్క నిమిషమైనను ఆపుట అపాయకరమని తేలెను. అందుచే అధ్యక్షుడు హూవరు కోరిక మేరకు, 21వ తేదీ రాత్రి 10 గంటలకు ఎవరి యింట వారే తమ దీపములను కొంచెముసేపు ఆర్పుకొనిరి.